విల్సన్ గదిలో దాచిన జబ్బు

వుడ్రో విల్సన్ అంటే మనకు సోషల్ పుస్తకంలోని పద్నాలుగు సూత్రాలు, నానాజాతి సమితి గుర్తొస్తాయి. ఆయన చివరి ఏళ్ల కథ మాత్రం ఆ పాఠంలో ఉండదు.

1856లో వర్జీనియాలో పుట్టారు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెసిడెంటుగా, న్యూజెర్సీ గవర్నర్‌గా చేసి, 1913లో అమెరికా అధ్యక్షుడయ్యారు. ఆయన మీద ఆశ మన దాకా వచ్చింది. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పనిచేసిన హోంరూల్ ఉద్యమానికి మద్దతు అడుగుతూ, 1917లో మద్రాసు నుంచి సుబ్రహ్మణ్య అయ్యర్ ఉత్తరం రాసింది ఈయనకే.

విల్సన్‌కు బీపీ ఎప్పటినుంచో ఎక్కువే. 1919 సెప్టెంబరులో నానాజాతి సమితి కోసం రైలెక్కి, సుమారు 8,000 మైళ్లు తిరుగుతూ ఉపన్యాసాలిచ్చారు. దారిలోనే ఒళ్లు తిరగబడింది. అక్టోబరు 2న వైట్‌హౌస్‌లో స్ట్రోక్ వచ్చి ఎడమ పక్క పడిపోయింది.

సుమారు రెండు వారాలకు మూత్రం ఆగిపోయింది. మూత్రాశయం ఎప్పుడు పట్టి ఉంచాలో, ఎప్పుడు వదలాలో చెప్పేది మెదడే. స్ట్రోక్‌తో ఆ కంట్రోల్ తప్పితే కొందరికి ఆపుకోలేకుండా పోతుంది, కొందరికి అసలు రాదు. విల్సన్‌కు ప్రోస్టేట్ వాపు కూడా తోడైంది. బాల్టిమోర్ నుంచి మూత్రవ్యాధుల నిపుణుడు హ్యూ యంగ్‌ను పిలిపించారు. ఆపరేషన్ మాట వచ్చింది, కానీ అంత నీరసంలో ఆయన తట్టుకోలేరని ఆగారు. చివరికి మూత్రం దానంతటదే వచ్చింది. ఇప్పుడు ప్రతి వార్డులో కనిపించే ఫోలీ బెలూన్ గొట్టం అప్పటికింకా లేదు, 1930లలో వచ్చింది.

ఇదంతా నాలుగు గోడల మధ్యే జరిగింది. భార్య ఎడిత్, డాక్టర్ గ్రేసన్ విషయం బయటికి పొక్కనివ్వలేదు. ఏ కాగితం లోపలికి పోవాలో ఎడితే చూసేవారు. అదే నవంబరులో సెనేట్ ఒప్పందాన్ని తిరస్కరించింది. స్ట్రోక్ సంగతి 1920 ఫిబ్రవరిలో పేపర్లో పడింది. చెప్పిందెవరో తెలుసా? మూత్రం ఆగిందని పిలిపించిన ఆ హ్యూ యంగే. విల్సన్ పదవీకాలం పూర్తిచేసుకుని, 1924 ఫిబ్రవరి 3న కన్నుమూశారు.

అక్కడ రాజకీయం దాచింది, మన ఇళ్లలో సిగ్గు దాస్తుంది. పక్షవాతం వచ్చిన తాతో అవ్వో మాటిమాటికీ ఒంటికి పోవడానికి ఒకర్ని లేపాలని మొహమాటపడి నీళ్లు తాగడం మానేస్తారు. కర్నూలు, కడప ఎండల్లో అది ఇంకా ప్రమాదం: మూత్రం చిక్కబడుతుంది, మంట, ఇన్ఫెక్షన్ పట్టుకుంటాయి. డాక్టర్ వద్దంటే తప్ప నీళ్లు తగ్గించకూడదు. రెండు మూడు గంటలకోసారి మనమే అడిగి తీసుకెళ్లాలి. గొట్టం అవసరమైనన్ని రోజులే ఉంచాలి. మూత్రం పూర్తిగా ఆగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. చాలామందికి నెలలు గడిచేకొద్దీ కంట్రోల్ మెరుగుపడుతుంది.

సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అవ్వను, తాతను అన్నం తిన్నావా అని అడుగుతాం కదా. ఈ సంగతి కూడా అంతే మామూలుగా అడుగుదాం.