అలల లెక్క నేర్పిన స్వెర్‌డ్రుప్

సూరత్‌లోని లింబాయత్‌లో మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆదివారం డుమస్ బీచ్‌కు బయలుదేరే ముందు అక్కడి కుర్రాళ్లు ఫోన్‌లో అలల ఎత్తు చూసుకుంటున్నారు. సముద్రంలోని బోయాలు పంపే కొలతలను, గాలి పటాలను కలిపి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇలాంటి అంచనాలు ఇస్తోంది. ఈ విద్య పుట్టింది మాత్రం యుద్ధ అవసరంలో.

హెరాల్డ్ స్వెర్‌డ్రుప్ 1888లో నార్వేలో జన్మించారు. 1918 నుంచి 1925 వరకు అముండ్‌సెన్ ‘మాడ్’ నౌక ఆర్కిటిక్ యాత్రలో శాస్త్ర పరిశోధనలకు నాయకుడు. 1936లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు.

1942లో మిత్రరాజ్యాలు ఉత్తర ఆఫ్రికా తీరంలో సైన్యాన్ని దించేందుకు సిద్ధమవుతున్నాయి. ఆయన శిష్యుడు వాల్టర్ మంక్ అమెరికా తీరంలో సాధన చూశాడు. అల ఐదారడుగులకు చేరితే పడవలు అడ్డం తిరిగి నీళ్లు నిండుతున్నాయి, ఆ పూటకు సాధన ఆపేస్తున్నారు. ఆఫ్రికా అట్లాంటిక్ తీరంలో చలికాలపు అలలు తరచూ అంతకు మించి ఉంటాయి. మంక్ గురువు సాయం కోరాడు.

ఇద్దరూ కలిసి కట్టిన పద్ధతి సూటిగా ఉంటుంది. వాతావరణ పటంలోని పీడన రేఖల నుంచి గాలి వేగం తీస్తారు. ఆ గాలి ఎంతసేపు, ఎంత దూరం నీటిపై వీచిందో చూస్తే అల ఎత్తు తెలుస్తుంది. అది తుపాను ప్రాంతం దాటి ప్రయాణిస్తూ ఎంత తగ్గుతుందో, తీరంలో లోతు తగ్గాక ఎంత పైకి లేచి విరుగుతుందో లెక్కిస్తారు. అలలన్నీ ఒక్క తీరుగా ఉండవు గనుక, వాటిలో పెద్దవైన మూడో వంతు సగటునే ప్రమాణంగా తీసుకున్నారు. నేటికీ అదే వాడుక. స్క్రిప్స్‌లో ఈ లెక్క నేర్చుకున్న సైనిక వాతావరణ అధికారులు యుద్ధరంగాలకు వెళ్లారు. 1944 జూన్‌లో నార్మండీ దాడికీ ఈ పద్ధతి ఉపయోగపడింది.

ఇంత చేసిన మనిషినే అమెరికా భద్రతా వర్గాలు అనుమానించాయి. బంధువులు నాజీల ఆక్రమణలోని నార్వేలో ఉన్నారు, వారిని అడ్డం పెట్టుకుని ఆయన్ను లొంగదీస్తారేమోనని రహస్య పనులకు అనుమతి నిరాకరించాయి. భద్రతా తనిఖీ వద్దని సైనికుడిగా నేననను. కానీ మనిషిని చూడకుండా చుట్టరికాలనే తూచే తనిఖీ దేశానికే నష్టం.

1948లో ఆయన స్వదేశానికి తిరిగివెళ్లి ధ్రువ పరిశోధన సంస్థను నడిపారు. 1957లో ఓస్లోలో మరణించారు. సముద్ర ప్రవాహాల కొలతకు నేడు ఆయన పేరే వాడుతున్నారు. ఒక స్వెర్‌డ్రుప్ అంటే సెకనుకు 10 లక్షల ఘనపు మీటర్ల నీరు.