రోజ్ బెర్టిన్

పండుగనాడు మన బాలికలు బొమ్మల కొలువు తీర్చుదురు. పెన్న యొడ్డున సంగములోనైనను, దూరపు పట్టణములోనైనను, చెక్కబొమ్మకు పట్టుపీలిక చుట్టి, పూసలదండ వేసి మురియుట వారికి సహజము. పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపా ఖండములో బొమ్మకు దుస్తులు తొడుగుట పెద్దలు చేయు వ్యాపారముగా నుండెను. ఆ వ్యాపారమున దేశదేశములందు పేరు గాంచినది రోజ్ బెర్టిన్ అను ఫ్రెంచి వనిత.

ఆమె 1747వ సంవత్సరము జూలై 2వ తేదీన ఫ్రాన్సు దేశపు ఉత్తరభాగమున ఆబ్‌విల్ పట్టణములో జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు మారీ జీన్. తండ్రి రక్షకభటుడు, తల్లి రోగులకు పరిచర్య చేయుచుండెడిది. ఆబ్‌విల్ మేలైన ఉన్నిబట్టలకు పేరు పడిన యూరు. ఆ బీదయింటి పిల్ల యౌవనమున పారిస్ నగరము చేరి, పాజెల్ అను నామె దుకాణమున పనికి కుదిరెను. టోపీలకు పూలు, ఈకలు అమర్చుట, గౌనులకు అల్లిక యంచులు కుట్టుట అచ్చటి పని. ఒకనాడామె కోంటీ రాకుమారి భవనమునకు సరకు కొనిపోయి, చలిమంట కడ కూర్చున్న ముసలమ్మను దాసి యనుకొని జంకు లేక ముచ్చటలాడెననియు, ఆ ముసలమ్మయే రాకుమారి యనియు ఒక కథ చెప్పుదురు. గొప్పవారి యెదుట బెదరని యా స్వభావము ఆమెకు కడవఱకును నిలిచెను.

కొంతకాలమునకు ఆమె సెయింట్ ఆనొరే వీథిలో సొంత దుకాణము తెఱచి, దానికి మన ఢిల్లీ పాదుషా పేరు పెట్టెను! దుకాణము పేరు 'గ్రాండ్ మొగల్'. తూర్పుదేశపు బట్టలనిన ఐరోపావారికి ఆ కాలమున అంతటి మోజు. నెల్లూరు తీరమున దుగరాజపట్నములో 1626 ప్రాంతమున ఇంగ్లీషువారు వర్తకస్థానము నెలకొల్పినదియు మన నూలుబట్టల కొఱకే గదా!

1774లో పదునాఱవ లూయీ సింహాసన మెక్కెను. ఆ కాలముననే రాణి మేరీ ఆంటాయినెట్‌తో బెర్టిన్‌కు పరిచయము కలిగెను. నాటి నుండి ఆమె వారమునకు రెండుమారులు రాణి మందిరమునకు పోయి క్రొత్త దుస్తులను గూర్చి ఆలోచన చెప్పుచుండెను. రాజు మశూచికమునకు టీకా వేయించుకొనగా, ఆ సంతోషమును చాటుటకు సర్పము, గద, ఉదయసూర్యుడు, ఫలించిన ఆలివు చెట్టు గల శిరోభూషణము బయలుదేఱెను. తలపై నిట్టి తోటను మోయుట మనకు వింతగా తోచును గాని, రాజధానిలోని స్త్రీలకది ముచ్చట యయ్యెను. జనులు బెర్టిన్‌ను వేషభూషల మంత్రి యని యెగతాళిగ పిలువసాగిరి. 1776లో ఆ వృత్తివారి సంఘము ఏర్పడినపుడు ఆమెయే మొదటి యధ్యక్షురాలయ్యెను.

ఛాయాచిత్రములు లేని దినములవి. పారిస్‌లో పుట్టిన క్రొత్త తీరు పరదేశములకు తెలియుట యెట్లు? అందులకు బొమ్మలే సాధనములు. చెక్కతోనో మైనముతోనో చేసిన బొమ్మకు లోపలి లంగా మొదలు టోపీ వఱకు సమస్తమును కుట్టి తొడిగి, పెట్టెలో నుంచి పంపెడివారు. కొన్ని నిలువెత్తు బొమ్మలు. కొన్ని చేతిలో నిమిడెడివి. వానిని 'పండోరా'లని పిలిచెడివారు. బొమ్మ చేరిన చోట దర్జీలు కుట్లు పరిశీలించి ఆ తీరును అనుకరించెడివారు. వెనిస్ నగరమున అట్టి ఫ్రెంచి బొమ్మను అంగడివీథిలో నిలిపినపుడు చూడవచ్చు స్త్రీలతో వీథి నిండెడిది. మేరీ ఆంటాయినెట్ వియన్నాలో పెండ్లికూతురుగా నున్నపుడు ఆమె చెంతకును ఇట్టి బొమ్మలు వచ్చెను. బెర్టిన్ అలంకరించిన బొమ్మలు ఐరోపా రాజాస్థానములకు పయనించి బేరములు తెచ్చినవి. రష్యా రాజకుటుంబపు కోడలు మారియా ఫ్యోడొరొవ్నా ఆమె ఖాతాదారు. 1785లో పారిస్‌లో వేషభూషల పత్రిక వెలువడిన పిదప, చౌకయైన యచ్చుబొమ్మలు ఈ పండోరాల పనిని క్రమముగా లాగికొనెను.

ఆ పద్ధతి మాత్రము పూర్తిగా నశింపలేదు. 1945లో, యుద్ధము వలన గుడ్డ కఱవైన పారిస్‌లో, వస్త్రనిర్మాతలు రెండువందలకు పైగా తీగెబొమ్మలకు చిన్న చిన్న దుస్తులు కుట్టి ప్రదర్శించి, యుద్ధబాధితులకు ధనము కూర్చిరి. జాన్ కాక్టో వంటి కళాకారులు ఆ బొమ్మలు నిలుచుటకు రంగస్థలములను తీర్చిరి. 1959లో అమెరికాలో పుట్టిన బార్బీ బొమ్మతోను ప్రసిద్ధ వస్త్రనిర్మాతలు, కుర్చీలు బల్లలు చేయువారు పొత్తు కలిపిరి.

బెర్టిన్ జీవితమున మలుపు ఒక తెల్లని గౌనుతో వచ్చెను. 1783లో రాణి సన్నని మల్లుబట్ట గౌను ధరించినట్లు చిత్రించిన పటమును ప్రదర్శింపగా, రాణి లోదుస్తులతో కనబడినదని జనులు గొణిగిరి. స్వదేశపు పట్టును కాదని పరదేశపు నూలును ఆదరించుట వలన పట్టునేతవారికి కూడు పోవునని నిందించిరి. పటమును తొలగించి, పట్టుగౌను ధరించిన వేఱొక పటమును నిలుపవలసి వచ్చెను. ఖర్చు చూడబోయిన, రాణి దుస్తులకు ఏటికి 1,20,000 లీవరులు కేటాయింపగా, 1785లో వ్యయము 2,58,000కు మించెను. ఆనాడు పారిస్ కూలివాడు దినమంతయు శ్రమించినను ఒకటి, ఒకటిన్నర లీవరు దొరకుట కష్టము. ఈ విషయమున బెర్టిన్‌ను నిర్దోషి యనుటకు వీలులేదు. ఆమె వెలలు మిక్కుటము. బేరమాడువారన్న ఆమెకు చులకన. అయినను ఆ సొమ్మంతయు ఆమె చేత పడలేదు. ప్రభువులు అప్పుపై కొని, యేండ్లతరబడి చెల్లింపకుండెడివారు. ఆమె పనిచేయు పిల్లలకు, అల్లికలవారికి జీతములు చెల్లింపక తప్పెడిది కాదు.

1789లో విప్లవము చెలరేగెను. కొనువారు దేశము విడిచి పాఱిపోయిరి. 1792లో రాణి చెఱలో పడిన పిమ్మటను 'గ్రాండ్ మొగల్' నుండి ఆమెకు చిన్న చిన్న వస్తువులు పోవుచుండెను. బెర్టిన్ లండను చేరి, తనవలెనే వలసవచ్చిన ఖాతాదారులకు కుట్టుపని చేయుచు కాలము గడపెను. 1793 అక్టోబరు 16వ తేదీన రాణికి మరణశిక్ష అమలు జరిగెను.

1795లో బెర్టిన్ పారిస్‌కు తిరిగి వచ్చునప్పటికి లోకము మాఱిపోయెను. ఈకల టోపీలు, గంపవంటి గౌనులు ఎవరికిని పట్టలేదు. వివాహమాడని యామె సేన్ నది కడ ఎపినే గ్రామములోని తన యింట శేషజీవితము గడపి, 1813 సెప్టెంబరు 22న కన్నుమూసెను. ఆమె వారసులకు మిగిలినవి లెక్కల పుస్తకములు. వారు ఆ పద్దులు పట్టుకొని, ప్రభువుల బిడ్డల యిండ్లకు అప్పు వసూలు చేయుటకై చాలకాలము తిరిగిరి.