ముప్ఫై ఒకటో ఏట విద్యార్థి

పట్టా చేతికి రాగానే పుస్తకాలు కట్టకట్టి అటకెక్కించే మనకు ఫ్రాంజ్ షూబర్ట్ ఆఖరి నవంబరు కథ కాస్త విడ్డూరంగానే ఉంటుంది.

1797 జనవరి 31న వియన్నాలో ఒక బడిపంతులు ఇంట పుట్టాడాయన. చిన్నతనంలో సాలియేరి దగ్గర సంగీతం చదువుకున్నాడు. ఆరువందలకు పైగా పాటలు, సింఫనీలు, చర్చి సంగీతం రాశాడు. అంత పేరున్నవాడికీ ఫ్యూగ్ విషయంలో మాత్రం మనసులో వెలితి ఉండిపోయింది.

ఫ్యూగ్‌లో ముందు ఒక గొంతు చిన్న వరుస ఎత్తుకుంటుంది. అది ముగిసేసరికి రెండో గొంతు అదే వరుసను పంచమంలో అందుకుంటుంది. మొదటిది ఊరుకోదు, మరో వరుస పాడుతూనే ఉంటుంది. తర్వాత మూడోది, నాలుగోది. విడిగా విన్నా ప్రతి గొంతూ పాటలా ఉండాలి, కలిపి విన్నా పొసగాలి. ఈ పొందికే కౌంటర్‌పాయింట్. చెప్పినంత తేలిక కాదు సుమండీ! మన స్వరాల్లో చెప్పాలంటే, మొదటి గొంతు 'స' నుంచి 'ప'కి ఎగిరిందనుకోండి. జవాబు లెక్కప్రకారం 'ప' నుంచి పై 'రి'కి పోవాలి. అలా పోతే ఆధారమే జారిపోతుంది. అందుకని చాలాసార్లు పై 'స' దగ్గరే ఆపుతారు. ఒక స్వరం మార్చాక మిగతా వరుసను ఎక్కడ సర్దాలి? తంటా అంతా అక్కడే.

షూబర్ట్‌కి ఫ్యూగే రాదనేవాళ్ళున్నారు. అది తప్పు. ఎ-ఫ్లాట్ మాస్‌లో పెద్ద ఫ్యూగ్ రాసి, తృప్తి లేక దాన్ని తిరగరాశాడు. 1828 జూన్‌లో, బాడెన్‌లో, ఒకే ఆర్గన్ మీద ఇద్దరు వాయించేలా ఇంకొకటి రాశాడు. హాండెల్ రచనలు చూశాక తనకింకా ఎంత రాదో తెలిసిందని ఆయన అనేవాడని స్నేహితులు చెప్పుకున్నారు. పబ్లిషర్లకు కావలసింది పాటలూ, చిన్న పియానో ముక్కలూను. ఫ్యూగ్ నేర్చుకుంటే పైసా రాలదు. అయినా 1828 నవంబరు 4న, ఆరోగ్యం బాగులేకపోయినా, లాంజ్ అనే మిత్రుడితో కలిసి ఆస్థాన ఆర్గన్ విద్వాంసుడు సైమన్ సెక్టర్ దగ్గరకు పాఠానికి వెళ్ళాడు. ఆ గురువు ఆయనకంటే ఎనిమిదేళ్ళే పెద్ద!

ఆ పాఠం తాలూకు అభ్యాసాలు కొన్ని మిగిలాయి. వాటిలో ఉన్నది ఇందాక చెప్పిన జవాబు స్వరాల చిక్కే. ఓనమాలు దిద్దినట్టు దిద్దాడు మహానుభావుడు.

తర్వాతి పాఠానికి లాంజ్ ఒక్కడే వచ్చాడు. నవంబరు 19న అన్న ఫెర్డినాండ్ ఇంట్లో షూబర్ట్ కన్నుమూశాడు. 1855 నుంచి ఆరేళ్ళపాటు బ్రూక్నర్‌కి ఇదే విద్య నేర్పింది కూడా సెక్టరే. ఒక్క పూట శిష్యుడికోసం మాత్రం ఆయన సి-మైనర్‌లో ఒక ఫ్యూగ్ రాసి, షూబర్ట్ జ్ఞాపకార్థం అంకితమిచ్చాడు.