డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

పలాస జీడితోటలకును, ఉద్దానపు కొబ్బరితోటలకును, భీమవరమున పుట్టి అమెరికాలో కన్నుమూసిన యొక శాస్త్రజ్ఞునకును సంబంధమేమని మా పాఠకులు అడుగవచ్చును. సంబంధము కలదు. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి సోకిన గృహములు పెక్కులు. మూత్రపిండములు చెడిన రోగుల నెత్తురులో భాస్వరము పెరుగును. అది యెంత పెరిగినదో మాలిబ్డినమను లోహపు లవణముతో పరీక్షించి తెలిసికొందురు. ఆ పరీక్షకు సులభమార్గము చూపినవారిలో సుబ్బారావుగా రొకరు. కావున ఈ యేట వారి చరిత్రమును మా బాలబాలికలకు సంగ్రహముగా తెలుపదలచితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యమున వారికి చదువుపై శ్రద్ధ తక్కువ. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచిరనియు, తల్లి వెనుకకు రప్పించెననియు చెప్పుదురు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన బాలురు ఈ సంగతి మరువకుందురు గాక.

మదరాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీగారి పిలుపు విని, ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్సాశాలకు పోయిరి. ఆచార్యునకు అది రుచింపలేదు. తుదకు ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను. యౌవనముననే వారికి మరియొక దెబ్బ తగిలెను. సోదరులిద్దరు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధిచే కొలది దినముల యెడమున మరణించిరి. తామును ఆ వ్యాధికి లోనై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికిరి. ఆ వ్యాధి మూలము కనుగొనవలెనను పట్టుదల అప్పటినుండియు వారిని విడువలేదు.

మామగారి తోడ్పాటుతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ వాగ్దానముతోను ప్రయాణమై, 1922 అక్టోబరులో బోస్టను చేరిరి. ఆస్పత్రిలో చిన్న కొలువు చేయుచు హార్వర్డులో చదివిరి. 1925లో ఫిస్కె అను పండితునితో గూడి పైన చెప్పిన భాస్వర పరీక్షను ప్రకటించిరి. భాస్వరము మాలిబ్డేటుతో కలిసిన పిమ్మట తగిన రసాయనము చేర్చిన నీలిరంగు పుట్టును. రంగు ఎంత చిక్కనో భాస్వరము అంత హెచ్చు. ఈ యుపాయముతోనే 1927లో కండరములయందలి ఫాస్ఫోక్రియాటినును, 1929లో జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని వెలువరించిరి.

1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారిరి. 1945లో వారి సహచరులు ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. దాని ప్రయోజనమేమో వివరింతుము. ప్రతి కణమునందును డి.యన్.ఏ. యను న్యూక్లియికామ్లము రెండుపేటల త్రాటివలె మెలివడియుండును. ఒక పేటలోని ఎడినీను రెండవ పేటలోని థైమీనుతోను, గ్వానీను సైటోసీనుతోను జతగూడును. థైమీను తయారగుటకు ఫోలికామ్లము ఆవశ్యకము. అది కొరవడిన నెత్తుటి కణములు సరిగా వృద్ధిపొందవు. స్ప్రూ రోగులు పాలిపోవుటకు ఇదియొక ముఖ్యకారణము. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఇట్లు దొరకెను.

ఫోలికామ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు అమినోప్టెరినును గూడ అచటనే చేసిరి. 1948లో ఫార్బరు అను వైద్యుడు నెత్తుటి పుట్టకురుపుగల 16 మంది పిల్లలకు దానినిచ్చినట్లు ప్రకటించెను. 10 మందికి కొంతకాలము గుణము కనబడెను. 1947లో వెలువడిన హెట్రజాను బోదకాలు వ్యాధికి మందు. దానినే డి.ఇ.సి. మాత్రలని మన తీరగ్రామములలో నెరుగుదురు.

తరువాతి శాస్త్రజ్ఞులు డి.యన్.ఏ. జతలలో లోహములను సైతము ఇమిడ్చిరి. రెండు థైమీనుల నడుమ పాదరసపు అయాను, రెండు సైటోసీనుల నడుమ వెండి అయాను వంతెనవలె నిలుచును. 2003లో జపానువారు కృత్రిమ జతలతో అయిదు రాగి అయానులను వరుసగా నిలిపిరి. నీటిలోని పాదరసమును కనిపెట్టుటకు ఈ విద్య ఉపకరించుచున్నది.

సుబ్బారావుగారు 1948 ఆగష్టులో, 53వ యేట, అమెరికాలోనే మరణించిరి. స్వదేశమునకు మరల రాలేదు. భార్య శేషగిరిగారు మరల భర్తను చూడలేదు. వారి పసికుమారుడు తండ్రి యెదుట పెరుగకయే చనిపోయెను. ఈ నష్టమును మేము దాచము. లోకము పొందిన మేలుకు ఆ యిల్లాలు చెల్లించిన వెల యది. 1995లో భారతప్రభుత్వము వారి పేర తపాలాబిళ్ల వెలువరించెను.

2023లో పలాసలో 200 పడకల మూత్రపిండ వైద్యశాలయు పరిశోధనాకేంద్రమును తెరువబడెను. అయినను ఉద్దానపు వ్యాధికి మూలము నేటికిని నిశ్చయముగా తేలలేదు. తన యింట మృత్యువును చూచి, కారణమేమని ప్రశ్నింపక మానని యొక బాలుడు సుబ్బారావుగారైనాడు. కవిటిలోనో, వజ్రపుకొత్తూరులోనో, మందసలోనో తండ్రిని రక్తశుద్ధికి తోడ్కొని పోవు బాలుడుగాని బాలికగాని అదే ప్రశ్న వేయవచ్చును. అట్టివారు ఈ పత్రిక చదువువారిలోనే యుందురని మా నమ్మకము.