ఆదవాని దుర్గమున అస్తమించిన విద్యాపోషకుడు: అనూపసింహ మహారాజు

కర్నూలు మండల పశ్చిమభాగమున, ఎమ్మిగనూరునకు నైరృతి దిశయందు, ఆదవాని పట్టణమున కంటియున్న గిరిదుర్గము ఐదు కొండల నాశ్రయించి నిర్మింపబడినది. వానిలో బారాఖిల్లా, తాలిబండ యనునవి మైదానమునకు సుమారు 800 అడుగుల యెత్తున నున్నవి. బారాఖిల్లా కొండ సగమెక్కిన తావున నెన్నడు నెండదని ప్రసిద్ధిగన్న కొలను కలదు. శిథిలములైన ప్రాకారములు, బురుజులు, ద్వారములు నేటికిని చూపఱకు గోచరించుచున్నవి. వీనిని చూచువారికి విజయనగర ప్రభువులును, విజాపుర సుల్తానులును, టిప్పు సుల్తానును స్మృతిపథమునకు వత్తురు. కాని సంస్కృతవాఙ్మయ పరిశోధకులెల్లరు ఋణపడియున్న యొక ప్రభువు ఈ కోటయందే తుదిశ్వాస విడిచెనన్న విషయము మనలో ననేకులకు తెలియదు. అతడు బికనేరు ప్రభువగు అనూపసింహ మహారాజు.

అనూపసింహుడు రాఠోడ వంశజుడు, కరణసింహుని కుమారుడు. బికనేరు కోటను కట్టించిన రాయసింహుడు ఇతనికి ప్రపితామహుడు. ఇతని జననము 1638వ సంవత్సరమున. 1669లో తండ్రి గతించినపిదప ఇతడు సింహాసనము నధిష్ఠించెను. ఆ కాలపు రాజపుత్ర ప్రభువుల కనేకులకు వలెనే ఇతనికిని స్వరాజ్యమున సుఖముగ నుండు భాగ్యము లభింపలేదు. మొగలు చక్రవర్తి ఔరంగజేబు సేనానిగా జీవితమున నధికభాగము దక్షిణాపథమందే గడపవలసివచ్చెను. 1687లో జరిగిన గోలకొండ ముట్టడిలో నితడు పాల్గొనెను. మహారాజ బిరుదము చక్రవర్తివలన లభించినదే.

ఆదవాని 1568లో విజాపుర సుల్తానుల వశమయ్యెను. పదునేడవ శతాబ్ది యుత్తరార్ధమున దానిని పాలించిన సిద్ది మసూద్‌ఖాను హబ్షీ జాతీయుడు. విజాపుర రాజ్యమునకు కొంతకాలము సంరక్షకుడుగ నుండి, 1683లో ఆ పదవిని వీడి ఆదవాని చేరెను. 1686లో విజాపురము పతనమైనను ఈ దుర్గము వెంటనే లొంగలేదు. 1688లో మొగలు సేనాని ఫిరోజ్‌జంగు దీనిని ముట్టడించెను. తాను కట్టించిన జామియా మసీదుపై ఫిరంగులు గురిపెట్టుటచూచి, దాని నాశమును సహింపలేక మసూద్‌ఖాను కోటను వశపఱచెనని జనశ్రుతి. ఆ మసీదు నేటికిని నిలిచియున్నది. మొగలులు ఈ దుర్గమునకు ఇమ్తియాజ్‌గఢ్ అని పేరిడిరి. కొలదికాలమునకే దీని యధికారము అనూపసింహుని కప్పగింపబడెను.

ఇట్లు కోటలను గెలుచుటయు, కాచుటయు వృత్తిగా గల యీ ప్రభువునకు నిజమైన వ్యసనము గ్రంథసేకరణము. కాశీవాసియై, షాజహానుచే యాత్రికుల పన్ను రద్దుచేయించిన కవీంద్రాచార్య సరస్వతి గొప్ప గ్రంథభాండారమును సమకూర్చియుండెను. ఆ గ్రంథముల పట్టిక 1921లో గైక్వాడు ప్రాచ్యగ్రంథమాలలో ప్రకటితమైనది. ఆ భాండారము చెదరిపోయినపుడు దానిలో గణనీయమైన భాగము అనూపసింహుని సంగ్రహమున చేరెను. ఇతని యాశ్రయమున భావభట్టు అనూపసంగీతరత్నాకరము, అనూపసంగీతవిలాసము, అనూపసంగీతాంకుశము అను సంగీతశాస్త్ర గ్రంథములను రచించెను. గీతగోవిందమునకు అనూపోదయ మను వ్యాఖ్యయు, మఱికొన్ని గ్రంథములును ప్రభువు పేరనే యున్నవి. ఇతని సంగ్రహమే నేడు బికనేరులోని అనూప సంస్కృత గ్రంథాలయము. 1880లో రాజేంద్రలాల మిత్రుడు ప్రకటించిన సూచికతో దాని వైభవము పండితలోకమునకు విదితమయ్యెను.

దక్షిణమున యుద్ధసంక్షోభము చెలరేగినపుడు, గ్రంథములు సైనికుల చేత చిక్కునను భీతిచే కొందఱు బ్రాహ్మణులు వానిని నదులలో విడుచుచుండగా, అనూపసింహుడు విస్తారముగ ధనమిచ్చి వానిని కొని రక్షించెనని బికనేరు చరిత్రమున చెప్పుకొందురు. దక్షిణమునుండి తెచ్చిన దేవతామూర్తులను బికనేరు కోటయందలి ముప్పదిమూడు కోట్ల దేవతల యాలయమున చేర్చెననియు ప్రతీతి. ఇది కేవలము రాజస్తుతి యని త్రోసివేయరాదు. అట్లని విచారింపక యంగీకరింపనురాదు. విజాపుర రాజ్యమునకు సంబంధించిన చిత్తరువులు, గ్రంథములు కొన్ని ఆదవాని నుండి బికనేరు చేరినవని కళాచరిత్రకారులు గుర్తించిరి. జయించిన కోటనుండి తరలిన సొత్తు ఒక పక్షమునకు రక్షణము, వేఱొక పక్షమునకు అపహరణము. ఈ రెండు మాటలలో నేదియు నసత్యము కాదు.

అయినను ఒక్క విషయము విచారణీయము. సామాన్య విజేత తరలించినది కరగును, అమ్ముడుపోవును, లేదా మఱుగుపడును. అనూపసింహుడు తరలించినది పట్టికలకెక్కినది, పండితుల చేతికందినది, మూడు శతాబ్దులు గడచినను చదువబడుచున్నది. ధనమునకై గ్రంథమును గొన్నవాడు దానిని మరల విక్రయించును. విద్యకై గొన్నవాడు దానికొక గృహమును నిర్మించును. ఈ భేదమే యతని చరిత్రమునకు తీర్పు.

ఆదవాని సీమ ఆనాడు విద్యాశూన్యమైన ప్రదేశము కాదు. తుంగభద్రాతీరమున మంచాల గ్రామమున, నేటి మంత్రాలయమున, శ్రీ రాఘవేంద్రతీర్థులు 1671లో బృందావనప్రవేశము చేసిరి. ఆ గ్రామమును సిద్ది మసూద్‌ఖానే యొసగెనని మఠసంప్రదాయము. న్యాయసుధకు పరిమళవ్యాఖ్యయు, మీమాంసలో భాట్టసంగ్రహమును రచించిన మహనీయులు సంచరించిన సీమలో వ్రాతప్రతులకు కొదవ యుండినదని భావింపరాదు. ఇట్టి సీమకు అనూపసింహునివంటి గ్రంథప్రియుడు దుర్గాధిపతియై వచ్చుట విశేషము.

1698లో అనూపసింహుడు ఆదవానియందే దివంగతుడయ్యెను. అతని కుమారుడు స్వరూపసింహుడు బాలుడుగనే రాజ్యమునకు వచ్చి, 1700లో ఇచ్చటనే మరణించెను. మరుభూమి ప్రభువులిరువురికి ఈ నల్లరేగడి సీమయే కడపటి విడిది యయ్యెను.

పిదప దుర్గము నిజాముల వశమై, నిజాము అలీఖాను సోదరుడగు బసాలత్‌జంగునకు జాగీరయ్యెను. 1786లో టిప్పు సుల్తాను దీనిని ముట్టడించి గ్రహించి, కోటగోడలను పడగొట్టించెను. 1800లో దత్తమండలములతోపాటు ఆంగ్లేయుల పాలైనది. చిరకాలము బళ్లారి మండలమున నుండి 1953లో ఆంధ్రరాష్ట్రమున చేరినది. చక్రవర్తి కాపాడుమని యప్పగించిన ఱాతిగోడ నూరేండ్లయిన నిలువలేదు. ఎవ్వరు నప్పగింపకయే యతడు కాపాడిన కాగితములును, ఆకులును మిగిలినవి.

ప్రాచ్యకళాశాలలలోని పరిశోధకులు చేయవలసిన పని యొకటి కలదు. బికనేరు సూచికలలోని గ్రంథముల పుష్పికలను శ్రద్ధతో పరిశీలించి, వానిలో దాక్షిణాత్యులగు లేఖకుల నామములను, మన గ్రామనామములను వేఱుగ గుర్తింపవలెను. ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల ప్రాచీన గృహములలో నింకను మూటలుగట్టి యుంచిన వ్రాతప్రతులేవైన నున్నచో, చెదలపాలు గాకమునుపే వానికి సూచికలు వ్రాయవలెను. శిథిలదుర్గమును చూడబోవు విద్యార్థులకు ఫిరంగుల కథతోపాటు ఈ గ్రంథముల కథయు చెప్పవలెను. పుట్టినచోట రక్షణలేక దూరదేశమున కేగి బ్రదికిన గ్రంథముల చరిత్రము మనకొక గౌరవము. మఱియు నొక హెచ్చరిక.