మనిషి లేని పడవ : నికోలా టెస్లా జీవితము

నికోలా టెస్లా పేరు మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు క్రొత్తది కాదు. అయస్కాంత అభివాహ సాంద్రతకు ప్రమాణముగా 1960లో అతని పేరే నిర్ణయింపబడినది. మన యిండ్లలో దీపము వెలిగించు ఏకాంతర విద్యుత్తు దూరప్రాంతములకు ప్రవహించుటకు అతని మేధ యెంతటి కారణమో పాఠ్యపుస్తకములే చెప్పుచున్నవి. కాని 2022 ఫిబ్రవరిలో మొదలైన ఉక్రెయిన్ యుద్ధపు వార్తలు చదువునప్పుడు మాకు జ్ఞాపకము వచ్చు టెస్లా వేరు. మనిషి యెక్కని యంత్రమును దూరమునుండి నడిపి శత్రువుపైకి పంపుట ఒకటి. ఆ యంత్రమునకును దానిని నడుపువానికిని నడుమ గల కంటికి కనబడని బంధమును శత్రువు తెంపకుండ కాపాడుకొనుట రెండవది. నేటి భూతల యుద్ధమును తలక్రిందులు చేసిన యీ రెండు సమస్యలను కలిపి ఆలోచించిన తొలివారిలో అతడు అగ్రగణ్యుడు. అతని జీవితమును ఈ వైపునుండి చెప్పుటకు పూనుకొన్నాము.

1856 జూలై 10న, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యమున, నేటి క్రొయేషియాలో నున్న స్మిల్యాన్ అను చిన్న గ్రామమున ఒక సెర్బియన్ కుటుంబములో టెస్లా జన్మించినాడు. తండ్రి మిలుతిన్ క్రైస్తవాలయమున పురోహితుడు. కుమారుడును ఆ వృత్తిలోనే ప్రవేశింపవలెనని అతని కోరిక. తల్లి బడిలో చదువుకొన్నది కాదు గాని ఇంటిపనికి కావలసిన పనిముట్లను తానే కల్పించుకొనెడిది. ఎన్నో వీరగాథలు ఆమెకు కంఠస్థము. తన కల్పనాశక్తి తల్లినుండి వచ్చినదేయని టెస్లా చెప్పుకొనెడివాడు. 1873లో కలరా సోకి నెలల తరబడి మంచమున బడినప్పుడు, బ్రదికి బయటపడినచో ఇంజనీరింగు చదివింతునని తండ్రి మాట యిచ్చినాడు. మరుసటి యేడు సామ్రాజ్య సైన్యములో నిర్బంధముగా చేరవలసి వచ్చినది. టెస్లా దానిని తప్పించుకొని కొండలలోనికి పోయి, వేటగాని దుస్తులలో తిరుగుచు, గ్రంథములు చదువుకొనుచు కాలము గడిపినాడు. సైనికుడగుటకు ఇష్టపడని యీ యువకుడే తరువాత సైనికుడు లేని ఆయుధమును కల్పించినాడు. ఈ రెంటికి కార్యకారణ సంబంధము అంటగట్టుట మాకు ఇష్టము లేదు; అయినను గమనింపకుండ ఉండలేము.

గ్రాట్స్ పాలిటెక్నిక్‌లో చదువు పూర్తి కాలేదు. 1882లో బుడాపెస్టు నగరపు ఉద్యానమున నడచుచుండగా తిరుగు అయస్కాంత క్షేత్రపు ఊహ మనస్సున మెరిసినది. 1884లో న్యూయార్కు చేరి ఎడిసన్ సంస్థలో కొన్ని నెలలు పనిచేసి విడిచిపెట్టినాడు. నేల త్రవ్వి కూలి సంపాదించుకొన్న రోజులును కలవు. 1888లో అతని పేటెంట్లను వెస్టింగ్‌హౌస్ తీసుకొనుటతో దశ తిరిగినది. 1893 షికాగో ప్రదర్శన, 1896 నవంబరున నయాగరా విద్యుత్తు బఫెలో నగరమును చేరుట అందరెరిగిన విజయములు గనుక వాటిని విస్తరింపము. ఆ 1896లోనే స్వామి వివేకానందుడు అమెరికాలో అతనిని కలిసి ప్రాణము, ఆకాశము అను తత్త్వములను గూర్చి మాటలాడినాడనుట మన పాఠకులకు రుచించు విషయము. మధ్యలో 1895 మార్చి 13న ప్రయోగశాల దగ్ధమై, సంవత్సరముల కష్టము బూడిద యైనది. అట్టి నష్టమునుండి లేచిన మనిషి చేసిన పని యిక చెప్పబోవునది.

1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో విద్యుత్ ప్రదర్శన జరిగినది. అచ్చట నీటి తొట్టిలో సుమారు నాలుగడుగుల పొడవు గల ఇనుప పడవ తేలుచుండెను. దానికి తీగె లేదు, త్రాడు లేదు. దూరమున నిలిచిన టెస్లా చేతిలోని పెట్టెపై మీట త్రిప్పగా పడవ కదలినది, మలగినది, నిలిచినది, దీపములు వెలిగించినది. పడవ గర్భమున బ్యాటరీ, ప్రొపెల్లరును త్రిప్పు మోటారు, చుక్కానిని త్రిప్పు మరియొక మోటారు అమర్చబడినవి. వీటన్నిటికి ప్రాణము వంటిది కొహీరరు అను చిన్న గొట్టము. దానిలో లోహపు రజను ఉండును. మామూలుగా ఆ రజను గుండ విద్యుత్తు సరిగా ప్రవహింపదు. రేడియో తరంగము తాకగానే రేణువులు ఒకదాని నొకటి అంటుకొని విద్యుత్తునకు దారి యిచ్చును. పిమ్మట గొట్టము తలక్రిందుగా తిరుగగా రేణువులు విడిపోయి మరల క్రొత్త ఆజ్ఞకు సిద్ధమగును. ఒక్కొక్క ఆజ్ఞకు లోపలి చక్రము ఒక్కొక్క మెట్టు జరుగును. ఒక మెట్టున చుక్కాని కుడికి, మరొక మెట్టున తిన్నగా, ఇంకొక మెట్టున ఎడమకు. ఇంత సులువైన అమరిక. అయినను చూపరులలో కొందరు పడవలో శిక్షణ పొందిన కోతి దాగియున్నదనిరి. కొందరు ఇది మనోశక్తి యనిరి. టెస్లాకు నాటకీయత యందు ప్రీతి మెండు. 64కు ఘనమూలమెంత అని ఎవరో అడుగగా పడవ దీపము నాలుగు మారులు వెలిగినదట! గణితము తెలిసినది పడవకు కాదు, మీట చేత బట్టినవానికి.

1898 జూలై 1న పేటెంటుకు దరఖాస్తు చేసినాడు. వ్రాత చూచి నమ్మజాలక పరీక్షాధికారి స్వయముగా వచ్చి పడవను చూచినాడు. నవంబరు 8న 613,809 సంఖ్యతో పేటెంటు లభించినది. అందు పడవలను మాత్రమే గాక ఏ విధమైన వాహనమునైనను దూరమునుండి నడుపు పద్ధతి చెప్పబడినది. జాబులు, సరకులు చేరవేయుటకును, తిమింగలముల వేటకును పనికి వచ్చునని వ్రాసి, అన్నిటికంటె దీని ప్రయోజనము యుద్ధమునందు కనబడునని టెస్లా చేర్చినాడు. ఆ సంవత్సరమే అమెరికాకు స్పెయిన్‌కు యుద్ధము జరిగినది. అయినను అమెరికా నౌకాదళము ఈ పడవపై ఆసక్తి చూపలేదు.

ఇచ్చట టెస్లా నమ్మకమును కొంచెము నిలిచి చూడవలెను. తప్పించుకొన వీలులేని, హద్దులేని వినాశము కలిగించు ఆయుధము అందరి చేతికిని వచ్చినచో యుద్ధము అసాధ్యమగునని, దేశములు శాంతితో నుండక తప్పదని అతని వాదము. 1900 జూన్‌లో సెంచురీ అను మాసపత్రికలో అచ్చయిన దీర్ఘవ్యాసమున దీనిని ఇంకను పెంచినాడు. ముందు యుద్ధమున పాల్గొను మనుష్యుల సంఖ్య తగ్గుచు పోవును. తుదకు యంత్రము యంత్రముతో పోరాడును. జాతులు ప్రేక్షకులుగా నిలిచి చూచును. ప్రాణనష్టము లేని పోరాటమున పగకు తావుండదు గనుక శాంతి వచ్చును. ఈ తర్కము అతనికొక్కనికే చెందినది కాదు. తన యంత్రతుపాకి వలన సైన్యములు చిన్నవగునని గాట్లింగ్ ఆశించినాడు. డైనమైటు కల్పించిన నోబెల్‌కును ఇట్టి ఆశయే ఉండెడిది. కల్పించినవాడు తన చేతిపనిని ప్రేమించుట సహజము. ఆ ప్రేమయే అతని చూపునకు అడ్డు వచ్చినదని మా అభిప్రాయము. వింత యేమన్న, అతని ఊహలో యంత్రములును యంత్రములును ఎదురెదురుగా నున్నవి గాని, యంత్రము ఎదుట కందకములో కూర్చున్న మనిషి లేడు.

టెస్లా దూరదృష్టి నిజముగా ఆశ్చర్యము గొలుపునది రెండవ సమస్య యందు. శత్రువు కూడ అదే తరంగమును పంపినచో పడవ ఎవరి మాట వినును? ప్రక్కన మరియొకడు రేడియోతో గందరగోళము చేసినచో ఆజ్ఞ ఎట్లు చేరును? దీనికి అతడు సూచించిన ఉపాయము ఇది. ఆజ్ఞను ఒకే పౌనఃపున్యముపై గాక రెండు లేక అంతకు మించిన పౌనఃపున్యములపై పంపవలెను. ఆ తరంగములన్నియు కలిసి అందినప్పుడే గ్రాహక యంత్రము కదలవలెను. ఒక్కటి తక్కువైనను మిన్నకుండవలెను. రెండు తాళపుచెవులు కలిసి త్రిప్పిననే తెరచుకొను ఖజానా పెట్టె వంటి దిది. 1900లో దరఖాస్తు చేసిన యీ పద్ధతికి 1903లో 723,188, 725,605 సంఖ్యలతో రెండు పేటెంట్లు వచ్చినవి. 1942లో నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జి ఆంథీల్ కలిసి, టార్పెడోను నడుపు ఆజ్ఞలు ఒక పౌనఃపున్యమునుండి మరియొకదానికి ఎగురుచు పోవు పద్ధతికి పేటెంటు పొందినారు. మార్గము వేరైనను వెదకినది టెస్లా వెదకిన రక్షణనే.

మిగిలిన జీవితము క్షీణదశ. 1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో కృత్రిమముగా పిడుగులు పుట్టించినాడు. ధనికుడు మోర్గాన్ ఇచ్చిన 1,50,000 డాలర్లతో 1901లో వార్డెన్‌క్లిఫ్ గోపురము మొదలుపెట్టినాడు. ఆ డిసెంబరులోనే మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రము మీదుగా సంకేతము అందుకొన్నానని ప్రకటించినాడు. మోర్గాన్ చేయి ముడిచినాడు. గోపురము 1917లో కూల్చబడినది. 1934లో టెస్లా ఒక మహాశక్తి కిరణమును గూర్చి పత్రికలకు చెప్పినాడు. సరిహద్దు దాటు సైన్యములను, విమానములను అది నిలువరించునని, దానితో యుద్ధములు ఆగిపోవునని మరల అదే ఆశ. యంత్రము మారినది, నమ్మకము మారలేదు. హోటలు గదులలో ఒంటరిగా నుండి పావురములకు గింజలు వేయుచు, 1943 జనవరి 7న న్యూయార్కర్ హోటలులోని 3327 సంఖ్య గదిలో కన్నుమూసినాడు. అమెరికా ప్రభుత్వము అతని కాగితములను స్వాధీనపరచుకొని పరీక్షింపజేసినది. ఆ జూన్‌లో మార్కోనీ పేటెంటులోని ముఖ్యాంశములు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వినుటకు టెస్లా లేడు.

అప్పటికే అతని పడవ సంతానము యుద్ధభూమి కెక్కినది. 1917లో జర్మనులు మనిషి లేని మందుపాతర పడవను బెల్జియం తీరమున బ్రిటిష్ యుద్ధనౌక ఎరిబస్‌పైకి పంపినారు. దాని వెంట పొడవైన తీగె ఉండెను. 1939-40 శీతకాలమున ఫిన్లండుపై రష్యనులు రేడియోతో నడుచు ట్యాంకులను ప్రయోగించినారు. టెస్లా మరణించిన 1943లోనే, సెప్టెంబరు 9న, విమానము నుండి రేడియోతో మళ్లించు జర్మను బాంబులు ఇటలీ యుద్ధనౌక రోమాను ముంచినవి. వేయిమందికి పైగా నావికులు మరణించినారు. నెలలలోనే మిత్రరాజ్యములు ఆ రేడియో ఆజ్ఞలను చెరచు జామరులను తయారు చేసినవి. అందుపై జర్మనులు అట్టి ఆయుధములలో ఒకదానికి మరల తీగె తగిలించి చూచినారు గాని అది యుద్ధమున కెక్కలేదు. ఆజ్ఞ, దానికి ఆటంకము, ఆటంకమునకు విరుగుడు అను వరుస నాడే స్థిరపడినది.

ఆ వరుస భూతల యుద్ధము నెంత మార్చినదో 2020 నాగోర్నో కరబాఖ్ పోరున కొంత తెలిసినది. అచ్చట అజర్‌బైజాన్ డ్రోనులు ఆర్మీనియా ట్యాంకులను, ఫిరంగులను వెదకి వెదకి ధ్వంసము చేసినవి. ఉక్రెయిన్‌లో అది పూర్తిగా బయటపడినది. నాలుగైదు వందల డాలర్ల వెల గల చిన్న డ్రోనుకు పేలుడు గుండు కట్టి, నేలమాళిగలో కూర్చున్న సైనికుడు కండ్లకు అద్దాల పెట్టె తగిలించుకొని, డ్రోను కన్నుతోనే చూచుచు నడుపును. లక్షల డాలర్ల ట్యాంకు దానికి బలి యగును. ట్యాంకులపై ఇనుప పంజరములు వెలసినవి. దారులపై మైళ్ల కొలది వలలు కట్టినారు. పగటిపూట గుమిగూడుట మరణమైనది గనుక ఇద్దరు ముగ్గురుగా, ఒక్కొక్కప్పుడు మోటారుసైకిళ్లపై, ముందుకు పోయినారు. 2025 నాటికి ముందువరుసకు రెండువైపుల పదేసి కిలోమీటర్లకు మించిన నేల డ్రోనుల వేటస్థలమైనది. గాయపడినవానిని వెనుకకు తెచ్చుట కొరకు చీకటి కొరకో, మనిషి లేని బండి కొరకో ఎదురుచూడవలసి వచ్చినది.

జామరులు లేకున్నచో ఈ కథ ఏకపక్షమై యుండెడిది. ఉక్రెయిన్ నెలకు సుమారు 10,000 డ్రోనులను కోల్పోవుచున్నదని 2023లో ఒక బ్రిటిష్ పరిశోధన సంస్థ అంచనా వేసినది. రష్యా రేడియో ఆటంకములు అందుకొక ముఖ్య కారణము. ఉపగ్రహ సంకేతములను నమ్ముకొన్న అమెరికా ఫిరంగి గుండ్లు సహితము అట్టి ఆటంకమున గురి తప్పినవి. రేడియో పంపువాని స్థానము శత్రువునకు తెలియును గనుక ఏంటెన్నాను ఒకచోట, మనిషిని దూరముగా మరియొకచోట ఉంచవలసి వచ్చినది. పౌనఃపున్యములు మార్చుచు పోయినారు. జామరులును వాటి వెంటబడినవి. తుదకు 2024 నుండి వెండ్రుకవలె సన్నని గాజు తంతువును కిలోమీటర్ల కొలది విప్పుకొనుచు ఎగురు డ్రోనులు వచ్చినవి. వాటికి రేడియో లేదు. చెరచుటకు ఏమియు లేదు. 1898లో టెస్లా తెంపిన తీగె మరల తగిలింపబడినది. పొలములపై ఆ తంతువులు ఎండలో సాలెగూడువలె మెరయుచుండగా తీసిన ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చినవి.

2024 డిసెంబరులో హార్కివ్ నగరమునకు ఉత్తరమున లిప్‌త్సీ గ్రామము వద్ద ఉక్రెయిన్ దళమొకటి నేలపై నడుచు యంత్రములతోను, డ్రోనులతోను మాత్రమే దాడి జరిపినది. దాడి చేసిన పక్షమున ముందువరుసలో మనిషి లేడు. 1900 నాటి టెస్లా వ్యాసములోని దృశ్యము సగము నిజమైనది. ఎదుటి కందకములలో మాత్రము మనుష్యులే యుండిరి. ఆ వ్యాసమునందే టెస్లా మరియొక మాట వ్రాసియున్నాడు: ఇప్పటి యంత్రము నడుపువాని మనస్సును అరువు తెచ్చుకొన్నది, ముందు రాబోవు యంత్రమునకు స్వంత మనస్సు ఉండునని దాని భావము. తుది కొన్ని వందల మీటర్లలో రేడియో బంధము తెగినను, లోపలి గణకయంత్రము గుర్తుపట్టిన ఆకారమును వదలక దానిపై బడు డ్రోనులను ఉక్రెయిన్, రష్యాలు రెండును యుద్ధమున దింపినవి. వాటిని జామరు ఆపజాలదు. పంపినవాడు మనస్సు మార్చుకొన్నను, వానికిని వాటిని వెనుకకు పిలుచుటకు దారి లేదు.