మంచివి మిగుల్చుకొనిన రాజు



ఈ మాసము మన ధ్యానమునకు మొదటి సమూయేలు గ్రంథములోని సౌలు రాజు చరిత్రను తీసికొనుచున్నాము. 9వ అధ్యాయము మొదలు 31వ అధ్యాయము వరకు గల ఈ చరిత్రను ఇంటిల్లిపాది కూర్చుండి, చదువు వచ్చినవారు రానివారికి వినిపించుచు, ఒక వారములో ముగింపవలెనని కోరుచున్నాము. చెడ్డవాని కథ యని దీనిని ప్రక్కకు పెట్టరాదు. బాగుగా మొదలుపెట్టిన ఒక పల్లెటూరివాని కథ యిది.

సౌలు క్రీస్తునకు పూర్వము 11వ శతాబ్దమువాడు. బెన్యామీను గోత్రికుడగు కీషు కుమారుడు. అతని ఊరు గిబియా. తండ్రి గాడిదలు తప్పిపోగా వాటిని వెదకుచు సమూయేలు ప్రవక్త యొద్దకు చేరెను. గాడిదల కొరకు బయలుదేరినవాడు రాజుగా అభిషేకము పొంది ఇంటికి వచ్చెను. మిస్పాలో చీట్లు వేసి అతనిని ఏర్పరచినప్పుడు సిగ్గుపడి సామానుల నడుమ దాగుకొనెను. గుంపులో అందరికంటె తలయెత్తు పొడగరి అయినను అతనికి గర్వము లేదు. కొందరు తన్ను తృణీకరించినను ఊరకుండెను.

రాజైన తరువాత కూడ అతడు వ్యవసాయము మానలేదు. ఒకనాడు ఎడ్ల వెంట పొలమునుండి వచ్చుచుండగా యాబేష్గిలాదు ఊరి కబురు విన్నాడు. అమ్మోనీయుడగు నాహాషు ఆ ఊరిని చుట్టుముట్టి, అందరి కుడికన్నులు పెరికించెదనని బెదరించుచుండెను. సౌలు 3,30,000 మందిని కూర్చి, వేకువజామున శత్రువు దండులో చొచ్చి, ఆ ఊరిని విడిపించెను. తన్ను తృణీకరించినవారిని చంపవలెనని జనులు కోరగా, ఆ దినమున ఎవ్వరిని చంపకూడదని ఆపెను. సౌలు జీవితములో మిక్కిలి శ్రేష్ఠమైన దినము ఇదియే. యాబేష్గిలాదువారు దీనిని మరువలేదు.

తరువాత కష్టకాలము వచ్చెను. ఇశ్రాయేలు దేశములో అప్పుడు ఒక్క కమ్మరియైనను లేడు. నాగటి కర్రు పదును చేయించుకొనవలెనన్నను రైతు ఫిలిష్తీయుల యొద్దకు పోయి డబ్బు చెల్లింపవలెను. యుద్ధదినమున కత్తి, ఈటె సౌలునకును అతని కుమారుడగు యోనాతానునకును తప్ప మరి యెవ్వరికిని లేవు. అట్టి భయములో, సమూయేలు వచ్చువరకు గిల్గాలులో ఏడు దినములు కనిపెట్టవలసియుండెను. ఏడవ దినము వచ్చినను ప్రవక్త కనబడలేదు. జనులు చెదరిపోవుచుండిరి. సౌలు ఓపలేక తానే దహనబలి అర్పించెను. అది ముగిసిన వెంటనే సమూయేలు వచ్చెను! మిగిలినవారిని లెక్కింపగా 600 మంది తేలిరి. ఇక్కడ సౌలును తొందరపడి నిందింపవద్దు. వాన కొరకు మబ్బు చూచినవారికి, జబ్బుపడిన బిడ్డ ప్రక్కన తెల్లవార్లు కూర్చున్నవారికి ఏడవ దినము ఎంత బరువో తెలియును. అయినను దేవుడు ఆలస్యము చేసినట్టు మనకు తోచినప్పుడే మన విధేయత పరీక్షింపబడును. అతని రాజ్యము నిలువదని ప్రవక్త ఆనాడే హెచ్చరించెను.

రెండవ పరీక్ష అమాలేకీయుల విషయములో వచ్చెను. ఐగుప్తునుండి వచ్చుచుండిన ఇశ్రాయేలీయులలో అలసి వెనుకబడినవారి మీద పడి చంపిన జాతి అది. వారిని, వారికి కలిగిన సమస్తమును నిర్మూలము చేయవలెనని సౌలునకు ఆజ్ఞ వచ్చెను. వినుటకు మనకు కఠినముగానున్న ఆజ్ఞయే. ఆ కాలమున ఆ ఒక్క రాజునకు ఈయబడిన ఆజ్ఞను పట్టుకొని నేడు ఎవ్వడును పొరుగువాని మీద చేయి ఎత్తరాదు. అయితే సౌలు జాలిచేత ఆజ్ఞ మీరెనని అనుకొనుటకు వీలులేదు. సామాన్య జనులను కత్తిపాలు చేసి, అగగు రాజును ప్రాణముతో ఉంచెను. బక్కవి, పనికిమాలినవి చంపించి, క్రొవ్విన గొఱ్ఱెలను ఎద్దులను మిగుల్చుకొనెను. జాలిపడినవాడైతే బలహీనులను విడిచియుండును గదా!

సమూయేలు ఆ రాత్రియంతయు దేవునికి మొఱ్ఱపెట్టెను. తెల్లవారిన తరువాత వెళ్లి చూడగా, సౌలు కర్మెలులో తనకు ఒక జ్ఞాపకస్తంభము నిలువబెట్టుకొని గిల్గాలునకు దిగిపోయియుండెను. అక్కడ ప్రవక్తను చూచి, ఆజ్ఞ అంతయు నెరవేర్చితినని అతడు చెప్పుచుండగనే గొఱ్ఱెలు అరచినవి. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో చెరువుగట్టు వెంబడి గొల్ల కురుమల మందలు పోవుచుండగా ఆ అరుపు ఎంత దూరము వినబడునో మనకు తెలియును. మందను దొడ్డిలో దాచవచ్చును గాని దాని అరుపును దాచలేము. అప్పుడు సౌలు రెండు సాకులు చెప్పెను. ఒకటి, జనులే వాటిని మిగిల్చిరని. రెండవది, అవి దేవునికి బలి అర్పించుట కొరకేనని. దేవునికి గొఱ్ఱెల క్రొవ్వుకంటె తన మాట వినువాడే ప్రియుడని సమూయేలు తెలియజేసి, రాజరికము అతని చేతినుండి తీసివేయబడినదని చెప్పెను.

సంఘమా, ఈ మాట మన గుమ్మము ముందరికి వచ్చియున్నది. 2016వ సంవత్సరములో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడెను. ఔటర్ రింగు రోడ్డు మన ఊళ్ల మీదుగా పోయెను. ఎకరముల లెక్కన మాటలాడుకొనిన భూమిని ఇప్పుడు గజముల లెక్కన అమ్ముచున్నారు. తోబుట్టువు చేత వేలిముద్ర వేయించుకొని ఆమె వాటా ఎగవేసినవాడు కోతపండుగనాడు బియ్యపు బస్తాలు మోయించుకొని గుడికి వచ్చినచో, అవి అరచుచుండును. పాలివాని గట్టు జరిపినవాడు గుడి గోడలో తన పేరుగల రాయి పెట్టించినచో, ఆ రాయి అరచుచుండును. కానుక సంచిలో పడినంత మాత్రమున అన్యాయపు సొమ్ము శుద్ధి కాదు. గుడికి పైకప్పు లేకున్నను చెట్టు క్రింద ఆరాధించుకొందము గాని అట్టి కానుకతో కప్పు వేయవద్దని పాదిరులమైన మేము ముందుగా నేర్చుకొనవలసియున్నది. ఇచ్చినవాని పేరు చదివి చప్పట్లు కొట్టించుట మాకు సులభము. సమూయేలువలె రాత్రియంతయు అతని కొరకు ఏడ్చుట కష్టము.

సౌలు తాను పాపము చేసితినని ఒప్పుకొనెను. అయితే వెంటనే, పెద్దల యెదుట తన మర్యాద కాపాడుమని ప్రవక్తను వేడుకొనెను. దావీదు పాపము చిన్నది కాదు. ఊరియా భార్యను తీసికొని, ఊరియాను చంపించెను. కాని నాతాను ప్రవక్త ఎదుట నిలిచినప్పుడు దావీదు ఎవరి మీదను నెపము వేయలేదు, మర్యాద అడుగలేదు. ఇద్దరికి భేదము అక్కడ నున్నది.

దైవానుగ్రహము పోయిన మరునాడు సౌలు కిరీటము పోలేదు. ఇది మనకు గొప్ప హెచ్చరిక. సేన ఉన్నది, సింహాసనమున్నది, బల్ల యొద్ద భోజనమున్నది. నెమ్మది మాత్రము లేదు. దావీదు సితారా వాయించినప్పుడు కొంత తెరిపి కలిగెడిది. ఆ దావీదు మీదనే ఈటె విసరెను. ఎగతాళి చేసినవారిని క్షమించిన ఆ రాజే, దావీదునకు రొట్టె ఇచ్చిరన్న కోపముతో నోబు యాజకులను 85 మందిని చంపించెను. తాను దేశములో నుండి వెళ్లగొట్టిన సోదె చెప్పువారినే కడపట వెదకుకొనుచు, మారువేషముతో రాత్రివేళ ఏన్దోరునకు పోయెను. మరునాడే గిల్బోవ పర్వతము మీద యుద్ధము జరిగెను. యోనాతానుతో కూడ ముగ్గురు కుమారులు పడిపోయిరి. సౌలు గాయపడి తన కత్తి మీద తానే పడి చనిపోయెను. ఫిలిష్తీయులు అతని మొండెమును బేత్షాను ఊరి గోడకు తగిలించిరి.

ఆ కబురు యాబేష్గిలాదునకు చేరెను. ఆ ఊరి బలాఢ్యులు రాత్రియంతయు నడచి, యొర్దాను దాటి, సౌలు శవమును అతని కుమారుల శవములను గోడమీదనుండి దించి తెచ్చి, ఎముకలు పాతిపెట్టి, ఏడు దినములు ఉపవాసముండిరి. తమ కన్నులు నిలిపిన రాజును వారు గోడ మీద విడిచిపెట్టలేదు. సౌలు చేసిన ఆ మంచిని దేవుడు గ్రంథములోనుండి చెరిపివేయలేదు. ఆ మంచి తరువాతి అవిధేయతను కప్పివేయనూ లేదు.

ఈ మాసము ప్రతి గృహస్థుడు ప్రార్థనకు మోకరించుటకు ముందు ఒక్క సంగతి ఆలోచింపవలెనని బ్రతిమాలుచున్నాము. మన దొడ్డిలో మిగుల్చుకొనినది ఏది? అది ఎవరిది? ఆ సొమ్మును దాని స్వంతదారునకు అప్పగించి, తరువాత గుడికి రండి. ఆనాడు చేతిలో కానుక లేకున్నను సిగ్గుపడవద్దు. దేవుడు మనలనందరిని దీవించును గాక. ఆమేన్.